దక్షిణాసియా మహిళా ఫుట్‌బాల్: శాఫ్ ఛాంపియన్‌షిప్

దక్షిణాసియా ఫుట్‌బాల్ సమాఖ్య (శాఫ్) ఆధ్వర్యమున జరుగు మహిళల ఛాంపియన్‌షిప్ 2010వ సంవత్సరమున బంగ్లాదేశమందలి కాక్స్ బజారు సముద్రతీరమున ఆరంభమయ్యెను. పిదప కొలంబో, ఇస్లామాబాదు, సిలిగురి, విరాట్‌నగరములలో జరిగిన పోటీలను గూడ గలుపుకొని, 2019 వఱకు వరుసగా ఐదుమార్లు కిరీటము భారతజట్టునకే దక్కినది. పరీక్షార్థులు ముందుగా జ్ఞప్తియం దుంచుకొనవలసిన దిదియే.

అయితే 2022లో, ఖాట్మండునందలి దశరథ క్రీడాంగణమున, గ్రూపు దశలోనే బంగ్లాదేశముచేత 3–0 తో పరాజితమైన భారతము సెమీఫైనల్‌లో నేపాలుచేతిలో 1–0 తో నోడి నిష్క్రమింపగా, తుదిపోరున ఆతిథేయులను 3–1 తో జయించి బంగ్లాదేశము ప్రథమపర్యాయము విజేత యయ్యెను; ఆ జట్టు నాయిక సబీనా ఖాతూన్ 8 గోల్స్‌తో అందఱిలో అగ్రగణ్యురాలయ్యెను. 2024 వఱకు జరిగిన ఏడు పోటీలలో ఆరుమార్లు తుదిమెట్టున నోడియు మరల మరల అచటికే చేరుకొనిన నేపాలు క్రీడాకారిణుల ధైర్యమును గూర్చి ప్రశ్నపత్రము లడుగవు. అడుగుట న్యాయమని నా దృఢాభిప్రాయము.

2024 అక్టోబరు 30న అదే నగరమున, అదే ప్రత్యర్థిని 2–1 తో గెలిచి బంగ్లాదేశము కప్పును నిలుపుకొనెను. ఆ రెండు గోల్స్‌ను సాధించినవారు మోనికా చక్మా, రితుపర్ణా చక్మా. ఇరువురును చిట్టగాంగు కొండసీమలలో పుట్టిపెరిగిన యువతులు.