రోగికి అర్థమగునట్లు చెప్పుట

వాక్యభాగములు: నెహెమ్యా 8:1–8, అపొస్తలుల కార్యములు 8:26–35, 2 రాజులు 20:1–7



నీటి గుమ్మము ఎదుట ఎజ్రా ధర్మశాస్త్రము చదివినప్పుడు లేవీయులు జనులకు దాని భావము విడమరచి చెప్పారు. ఫిలిప్పు కూడా రథములోని ఐతియొపీయుని మొదట అడిగినది, చదువుచున్నది అర్థమవుతున్నదా అనే. ఒకరు త్రోవ చూపనిదే ఎలాగని ఆయన సిగ్గుపడక ఒప్పుకున్నాడు. మన రోగులలో చాలామంది అలా అనలేరు. డాక్టరుగారు "అర్థమైందా?" అంటే "అయిందండి" అని తలూపి వస్తారు. బయటికి వచ్చాక మందులచీటీ మన చేతికిస్తారు.

మనము తరతరాలుగా కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ఊళ్ళలో ఉంటున్నాము. బజారు భాష అందరికీ వచ్చు గాని, ఒంట్లో బాధ చెప్పుకోవటానికి మన పెద్దలకు తెలుగే కావాలి. (యానాములో ఊరి భాష తెలుగే, అయినా చీటీ ఇంగ్లీషులోనే ఉంటుంది.) చాలా ఇళ్ళలో ఏడో తరగతి మనవడే దుబాసీ. నాయనమ్మ కొన్ని బాధలు వాడి ఎదుట చెప్పదు. తెలియని మాట వాడు వదిలేస్తాడు. పెద్దవారొకరు వెంట వెళ్ళటము మేలు.

క్షయవ్యాధి సంగతి చూడండి. మందులకు లొంగే సాధారణ క్షయకు చికిత్స 6 నెలలు: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తరువాత 4 నెలలు మూడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితము. అయితే రోగికి మొదటి రోజే చెప్పవలసినది మరొకటి ఉంది. రిఫాంపిసిన్ వలన మూత్రము ఎర్రని నారింజరంగులో వస్తుంది. ఈ సంగతి తెలియనివారు రక్తము పోతోందని హడలి మందు మానేస్తారు. కళ్ళు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రము ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండో నెలకు దగ్గు తగ్గి ఆకలి పుడుతుంది. అసలు ప్రమాదము అక్కడే ఉంది. స్వస్థత కలిగిందని సంఘములో సాక్ష్యము చెబుతారు, మాత్రలు అటక ఎక్కుతాయి. సగములో మానితే జబ్బు తిరగబెట్టవచ్చు, మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా పోవచ్చు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి గాని, రాతిధూళి పట్టిన ఊపిరితిత్తులకు క్షయ సులువుగా సోకుతుంది గనుక, గనిలో పనిచేసినవారున్న ఇళ్ళకు ఈ పాఠము మరీ అవసరము.

ప్రార్థించాము గదా, ఇంకా మందులెందుకు అనేవారున్నారు. హిజ్కియాకు దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు వాగ్దానము చేసిన తరువాతనే యెషయా ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు.

ఇక బోధించు విధానము. చెప్పి ఊరుకోక, రోగిచేతనే తిరిగి చెప్పించాలి. "పిన్నిగారూ, ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటారో ఒకసారి చెప్పండి" అని అడిగితే, తలూపుటలో దాగినది బయటపడుతుంది. తప్పు చెబితే కసరక, వేరే మాటలతో మళ్ళీ చెప్పాలి. ఒక పూటకు రెండు మూడు సంగతులు చాలు. చదువురానివారికి మాత్రల కవరు మీద సూర్యుని, చంద్రుని బొమ్మ వేసి ఇవ్వండి. మోతాదు మార్చటము మాత్రము మన పని కాదు. సందేహముంటే డాక్టరునే అడగాలి.

జబ్బు పేరు ప్రార్థన విన్నపములలో చదవబోయే ముందు రోగి అనుమతి తీసుకొనవలెను. క్షయ అన్న మాట పొక్కి పెళ్ళి సంబంధము తప్పిన ఇళ్ళున్నాయి. అటువంటి భయముతోనే కొందరు పరీక్షకు కూడా వెళ్ళరు.

స్త్రీల సమాజములో ఇద్దరిద్దరుగా కూర్చుని ఒక మాత్రల అట్ట పట్టుకొని అభ్యాసము చేయండి: ఒకరు చెప్పాలి, రెండవవారు అట్ట చూడకుండా తిరిగి చెప్పాలి.

చర్చకు: మన సంఘములో ఆసుపత్రికి తోడు వెళ్ళగలవారు ఎవరు? ఏ భాషకు ఎవరు?