కొలనుకు తగిన పంపు

ఉద్దేశం: యంత్రం కొనేటప్పుడు ‘పెద్దదైతే మేలు’ అనే భావన ఎంతవరకు సమంజసమో పరిశీలించడం, ఇంటి ఈతకొలనుకు అవసరమైన పంపు పరిమాణాన్ని లెక్కించే పద్ధతిని తెలుసుకోవడం, ఆ లెక్క వెనుక ఉన్న ఔచిత్యదృష్టిని గ్రహించడం ఈ పాఠం ఉద్దేశం.

తెలుగు ప్రబంధాలలో నీటికి ప్రత్యేకమైన స్థానం ఉన్నది. ఆలంకారికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో జలక్రీడ ఒకటి. కవి వర్ణించే ఉద్యానవన సరోవరంలో నీరు ఎల్లప్పుడూ నిర్మలంగానే ఉంటుంది. ఆ నైర్మల్యం ఎట్లా నిలిచిందో కవి చెప్పడు. చెప్పవలసిన అవసరమూ అతనికి లేదు. నేడు ఇంటి ఆవరణలో ఈతకొలను కట్టించుకొనే గృహస్థుకు మాత్రం మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న అదే.

చెరువులోకి వానకాలంలో కొత్తనీరు వస్తుంది, నిండిన నీరు అలుగు పారుతుంది. బావికి ఊట ఉంటుంది. సిమెంటుతో కట్టి పలకలు పరచిన ఈతకొలనుకు ఊటా లేదు, అలుగూ లేదు. అందులోనిది నిలవనీరు. దుమ్ము పడుతుంది, ఆకులు రాలుతాయి, ఈదేవారి చెమట, నూనె కలుస్తాయి. నాలుగు రోజులు కదలిక లేకపోతే వేసవి ఎండకు నాచు పట్టి నీరు పచ్చబడుతుంది. కాబట్టి ఆ నీటిని కొలను నుంచి తీసి, ఇసుక ఫిల్టరులో వడపోసి, క్లోరిన్ కలిపి, తిరిగి కొలనులోకి పంపాలి. ఈ పని చేసే యంత్రమే పంపు. దేహానికి గుండె ఎటువంటిదో కొలనుకు పంపు అటువంటిది.

అంతటి ముఖ్యమైన యంత్రాన్ని కొనే తీరు మాత్రం చాలా తేలికగా ఉంటుంది. దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని హార్స్‌పవర్ కావాలండీ?” అనేది. దానికి సాధారణంగా వచ్చే సమాధానం “కాస్త పెద్దదే ఇవ్వండి, మళ్లీ మళ్లీ కొంటామా?” అనేది. పెండ్లివిందులో వంటకాలు మిగిలినా ఫరవాలేదు గాని చాలకపోవడం తగదు అనుకొనే లోకరీతి ఇందులో కనిపిస్తుంది. విందు విషయంలో ఆ ఆలోచన ఉదారమైనదే. యంత్రం విషయంలో అది నష్టానికి, ఒక్కొక్కసారి ప్రాణాపాయానికి కూడా దారితీస్తుంది.

మోట నేర్పిన పాఠం

విద్యుత్తు రాకముందు మన రైతులు మోటతో బావినీరు తోడేవారు. తోలుతో గాని ఇనుపరేకుతో గాని చేసిన బానను మోకుకు కట్టి, ఎద్దుల జతతో లాగించేవారు. బాన మరీ పెద్దదైతే ఎద్దులు లాగలేవు. మరీ చిన్నదైతే పొలం తడవకముందే పొద్దు గూకుతుంది. ఎద్దులు ఎంత బలమైనవైనా బావిలో ఊట లేకపోతే బాన సగమే నిండుతుంది. బావి ఊట, ఎద్దుల సత్తువ, బాన పరిమాణం అనే మూడూ ఒకదానికొకటి పొందికగా ఉండాలని రైతుకు తెలుసు. ఆ పొందికనే నేటి ఇంజనీరు అంకెలలో చెబుతాడు.

మొదటి లెక్క: కొలనులో నీరెంత?

ఒక ఉదాహరణను తీసుకుందాం. కొలను పొడవు 8 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు. ఒక చివర లోతు 1.1 మీటర్లు, మరొక చివర 1.7 మీటర్లు. అడుగు సమంగా వాలి ఉన్నది కనుక సగటు లోతు 1.4 మీటర్లు. ఈ మూడింటి లబ్ధం 44.8 ఘనమీటర్లు, అంటే 44,800 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లతో నింపితే దాదాపు తొమ్మిది ట్యాంకర్ల నీరు. వేసవిలో బిందె నీటికోసం వరుసలో నిలబడే వీధులు ఉన్న నగరంలో ఈ అంకెను తేలికగా చూడరాదు. ఒకసారి నింపిన నీటిని పాడుకానీయకుండా చాలాకాలం నిలుపుకోవడమే పంపును సరిగా ఎంచుకోవడంలోని అసలు ప్రయోజనం.

కొలనులోని నీటికి సమానమైన పరిమాణం ఒకసారి ఫిల్టరు గుండా సాగడాన్ని ఒక ఆవృత్తి అనవచ్చు. ఇంటి కొలనుకు ఎనిమిది గంటలలో ఒక ఆవృత్తి పూర్తికావాలని సాధారణంగా లెక్కిస్తారు. 44.8ని 8తో భాగిస్తే గంటకు 5.6 ఘనమీటర్లు వస్తుంది. పంపు నుంచి ఆశించవలసిన కనీస ప్రవాహం ఇదే.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ఒక ఆవృత్తి పూర్తయినంత మాత్రాన కొలనులోని ప్రతి చుక్కా వడపోతకు గురికాదు. శుభ్రపడి వచ్చిన నీరు వెంటనే పాతనీటిలో కలిసిపోతుంది. నీరంతా బాగా కలుస్తున్నదనుకుంటే, ఒక ఆవృత్తిలో సుమారు 63 శాతం నీరు మాత్రమే ఫిల్టరును చేరుతుంది. రెండవ ఆవృత్తి ముగిసేసరికి అది 86 శాతం, మూడవదానికి 95 శాతం అవుతుంది. కాబట్టి శుభ్రత ఒక్క ఉదుటున వచ్చేది కాదు. తగిన ప్రవాహం నిలకడగా సాగితేనే అది సిద్ధిస్తుంది.

రెండవ లెక్క: ఫిల్టరు ఏమి కోరుతుంది?

ఇసుక ఫిల్టరు రెండు విధాలుగా పనిచేస్తుంది. మామూలు వేళల్లో నీరు పైనుంచి కిందికి దిగుతూ మురికిని ఇసుకలో వదిలిపెడుతుంది. మురికి పేరుకొన్నప్పుడు నీటిని కిందినుంచి పైకి పంపి ఇసుకను కడగాలి. దీనినే బ్యాక్‌వాష్ అంటారు. ఇసుకరేణువులు విడివడి తేలాలంటే ప్రవాహం కొంత బలంగా ఉండాలి. 500 మిల్లీమీటర్ల వ్యాసం గల ఫిల్టరుకు గంటకు సుమారు 7.5 ఘనమీటర్ల ప్రవాహం కావాలి. పంపు మరీ చిన్నదైతే ఇసుక కడగబడదు, మురికి గడ్డకడుతుంది, నీటిలో మందు సమంగా కలవదు.

పంపు మరీ పెద్దదైతే దీనికి విరుద్ధమైన దోషం కలుగుతుంది. ఒత్తిడికి ఇసుకలో సన్నని దారులు ఏర్పడి, మురికి ఆ దారులగుండా తిరిగి కొలనులోకే వస్తుంది. బలమైన పంపు ఉన్న కొలనులో నీరు మసకగా ఉండటానికి ఇది ఒక కారణం. మన ఉదాహరణలో 7.5 ఘనమీటర్లు అనే సంఖ్య రెండు అవసరాలనూ తీరుస్తుంది. ఆ ప్రవాహంతో ఆవృత్తి ఎనిమిది గంటలకు బదులు ఆరు గంటలలోనే పూర్తవుతుంది.

మూడవ లెక్క: నీటికి ఎదురయ్యే అడ్డంకి

వ్యవసాయ బోరుబావిపై ఐదు హార్స్‌పవర్ల మోటారును చూసిన కంటికి ఈతకొలను పంపు చిన్నదిగా తోస్తుంది. కాని ఆ రెండింటి పనిలో భేదం ఉన్నది. బోరు మోటారు నీటిని వంద మీటర్ల లోతునుంచి పైకెత్తవలసి రావచ్చు. కొలను పంపు నీటిని శాశ్వతంగా ఎక్కడికీ ఎత్తదు. బయలుదేరిన మట్టానికే నీరు తిరిగి చేరుతుంది. అది జయించవలసినది గొట్టాలు, వంపులు, ఫిల్టరు కలిగించే రాపిడిని మాత్రమే. ఈ అడ్డంకిని ఎత్తుతో పోల్చి మీటర్లలో చెబుతారు, దానికే ‘హెడ్’ అని వాడుక. మన ఉదాహరణలో ఫిల్టరు కొంత మురికి పట్టిన స్థితిని కూడా కలుపుకొని దానిని 10 మీటర్లనుకుందాం.

గంటకు 7.5 ఘనమీటర్ల నీటిని 10 మీటర్ల హెడ్‌కు ఎదురుగా నడపడానికి నీటికి అందవలసిన శక్తి సుమారు 204 వాట్లు. పంపు, మోటారు తమలో తాము కొంత శక్తిని పోగొట్టుకుంటాయి. వాటి ఉమ్మడి సామర్థ్యం 45 శాతమనుకుంటే సుమారు 450 వాట్ల విద్యుత్తు కావాలి. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు గనుక, ముప్పావు హార్స్‌పవర్ పంపు ఈ కొలనుకు చాలుతుంది. రెండు హార్స్‌పవర్ల పంపును కొని తెచ్చేవారు ఈ లెక్క చూస్తే ఆశ్చర్యపోక తప్పదు.

కాబట్టి దుకాణంలో అడగవలసిన ప్రశ్న మారాలి. “ఎన్ని హార్స్‌పవర్?” అని కాక, “పది మీటర్ల హెడ్ దగ్గర గంటకు ఎంత నీరు ఇస్తుంది?” అని అడగాలి. తయారీదారు పంపుతోపాటు ఇచ్చే పట్టికలో గాని రేఖాచిత్రంలో గాని దీనికి సమాధానం ఉంటుంది. హార్స్‌పవర్ చివర చూడవలసిన అంకె.

వేగానికి చెల్లించే మూల్యం

గొట్టంలో ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే రాపిడి దాదాపు నాలుగింతలవుతుంది. దానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. దీనిని తిరగవేసి చూస్తే ఒక లాభం కనిపిస్తుంది. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే ప్రవాహం సగమవుతుంది, శక్తి మాత్రం ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. అదే నీటిని తిప్పడానికి రెట్టింపు సమయం నడిపినా, విద్యుత్తు ఖర్చు లెక్కప్రకారం నాలుగవ వంతే. 1,100 వాట్ల పంపు ఎనిమిది గంటలు నడిస్తే 8.8 యూనిట్లు ఖర్చవుతాయి. అదే పంపు సగం వేగంతో పదహారు గంటలు నడిస్తే 2.2 యూనిట్లు చాలాలి. వాస్తవంలో మోటారు నష్టాలవల్ల ఖర్చు కొంత పెరిగినా, ఆదా గణనీయంగానే ఉంటుంది. ఈ కారణంచేతనే వేగాన్ని మార్చుకోగల పంపులు వాడుకలోకి వచ్చాయి. ఇంటింటా ఈతకొలనులు విరివిగా ఉన్న అమెరికాలో ఈ పంపులకు విద్యుత్ సామర్థ్య ప్రమాణాలు 2021 జులై నుంచి అమలులోకి వచ్చాయి. నిదానమే ప్రధానమన్న పెద్దల మాటకు భౌతికశాస్త్రం ఇచ్చిన సాక్ష్యం ఇది.

ప్రాణంతో ముడిపడిన విషయం

ఇంతవరకు చెప్పినది ధనవ్యయానికి, నీటి వృథాకు సంబంధించినది. ఇంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. పంపు నీటిని లాగుకొనే రంధ్రం కొలను అడుగున ఉంటుంది. దానిపై ఎవరి శరీరమైనా పూర్తిగా కప్పుకొంటే లోపల శూన్యం ఏర్పడుతుంది. 20 సెంటీమీటర్ల వ్యాసం గల రంధ్రంపై వాతావరణ పీడనంలో సగమంత తేడా ఏర్పడితే, శరీరాన్ని అదిమిపట్టే బలం సుమారు 160 కిలోల బరువుతో సమానం. ఎంత మంచి ఈతగాడైనా దానిని ఒంటరిగా విడిపించుకోలేడు.

అమెరికాలో 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల బాలిక వేడినీటి తొట్టి అడుగు రంధ్రానికి అతుక్కుపోయి ప్రాణాలు కోల్పోయింది. కన్నతల్లి ఎంత లాగినా ఆమెను విడిపించలేకపోయింది. ఆ తల్లి చేసిన కృషి ఫలితంగా, 2007లో ఆ బాలిక పేరుతోనే ఈతకొలనుల భద్రతకు అక్కడ చట్టం వచ్చింది. చదునైన జల్లెడమూతకు బదులు శరీరం కప్పివేయలేని ఉబ్బెత్తు మూత బిగించడం, ఒకే రంధ్రానికి బదులు కనీసం మూడడుగుల దూరంలో రెండు రంధ్రాలు పెట్టడం వంటివి నేడు ఆదర్శంగా పాటిస్తున్న జాగ్రత్తలు.

ప్రతి మూతకూ అది భరించగల గరిష్ఠ ప్రవాహం నిర్ణయమై ఉంటుంది. చిన్న పంపుకోసం అమర్చిన మూతను అలాగే ఉంచి పెద్ద పంపును బిగిస్తే ఆ హద్దు దాటుతుంది. జుట్టును సైతం లాగుకొనేంత వేగం అక్కడ పుడుతుంది. ‘కాస్త పెద్దదే ఇవ్వండి’ అన్న మాటకు ఇంతటి పర్యవసానం ఉండవచ్చునని ఆ మాట అన్నవారు ఊహించరు. అందుచేత పంపును మార్చే ప్రతిసారీ మూతను కూడా పరీక్షించాలి. మూత విరిగిన కొలనులోకి, అది బాగుపడేవరకు, ఎవరినీ దిగనీయరాదు. పంపును క్షణంలో ఆపగల మీట కొలనుకు దగ్గరలో అందరికీ కనిపించేచోట ఉండాలి.

ఔచిత్యమే ప్రమాణం

పదకొండవ శతాబ్దానికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే జీవమని ప్రతిపాదించాడు. అలంకారం ఎంత విలువైనదైనా తగినచోట లేకపోతే శోభించదు. నడుముకు పెట్టవలసిన ఆభరణాన్ని మెడలో వేసుకుంటే నవ్వులపాలే. యంత్రానికీ ఈ సూత్రం వర్తిస్తుంది. పంపు గొప్పతనం దాని హార్స్‌పవర్‌లో లేదు. కొలను పరిమాణానికి, గొట్టం వెడల్పుకు, ఫిల్టరు ఓపికకు, నీటిలో దిగే పసిపిల్లల భద్రతకు అది ఎంతగా అమరిందన్న దానిలోనే ఉన్నది.

కాగితం, కలం, కొలబద్ద ఉంటే అరగంటలో ముగిసే లెక్క ఇది. ఆ అరగంటను వెచ్చించిన ఇంట్లో నీరు తేటగా ఉంటుంది, విద్యుత్తు మిగులుతుంది, పిల్లలు నిర్భయంగా ఈదుతారు.

కఠిన పదాలు – అర్థాలు

నైర్మల్యం = స్వచ్ఛత
అలుగు = చెరువు నిండినప్పుడు అదనపు నీరు పొర్లిపోయే కట్టడం
మోకు = లావైన తాడు
ఆవృత్తి = ఒకసారి తిరిగి రావడం
పర్యవసానం = చివరి ఫలితం
ఔచిత్యం = తగినట్లుండటం

ప్రశ్నలు

1. ‘పెద్దదైతే మేలు’ అనే భావన పంపు విషయంలో ఎందుకు సరికాదో వివరించండి.
2. మోటకు, ఈతకొలను పంపుకు పాఠంలో చూపిన పోలికను సొంతమాటల్లో రాయండి.
3. బోరుబావి మోటారు చేసే పనికి, కొలను పంపు చేసే పనికి గల భేదమేమిటి?
4. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల సగటు లోతు గల కొలనుకు ఎనిమిది గంటల ఆవృత్తికి కావలసిన ప్రవాహాన్ని లెక్కించండి.
5. మీ ఇంట్లో గాని ఊరిలో గాని అవసరానికి మించిన యంత్రాన్ని వాడుతున్న సందర్భాన్ని గమనించి, దానివల్ల కలిగే నష్టాన్ని గురించి పది వాక్యాలు రాయండి.