న్యాయ సలహా: మిక్సీ పాడైతే ఎవరిని అడగాలి?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన కురిసే అనంతపురం పీఠభూమిలో, ఇంటికి కావలసిన పెద్ద వస్తువుల కొనుగోలు చాలా కుటుంబాలకు వేరుశనగ పంట చేతికొచ్చిన ఏడాదితో ముడిపడి ఉంటుంది. ఆ పంట వరుసగా రెండు మూడేళ్లు ఎండిపోయినప్పుడు, అంతకుముందు కొన్న మిక్సీ కాలిపోతే మరొకటి తెచ్చుకోవడం తేలిక కాదు. అందువల్ల నాలుగైదు వేల రూపాయల వస్తువు కోసం చట్టాన్ని ఆశ్రయించాలా అనే సందేహానికి ఈ ప్రాంతంలో తావు లేదు. ఒకే మోటారుపై వేర్వేరు గిన్నెలు అమర్చి రుబ్బడం, పొడి కొట్టడం, తరగడం, పిండి కలపడం వంటి పనులు చేసే యంత్రాన్ని ఫుడ్ ప్రాసెసర్ అంటారు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే మిక్సీ దానికి చిన్న రూపం. ఈ రెండింటికీ వర్తించే ప్రధాన శాసనం ఒక్కటే. అది 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019.

ఈ చట్టంలో మొదట తెలుసుకోవలసినది 2(7) సెక్షన్‌లో ఉన్న వినియోగదారు నిర్వచనం. డబ్బు చెల్లించి వస్తువు కొన్న వ్యక్తితో పాటు, కొన్నవారి సమ్మతితో దానిని వాడుకునే వ్యక్తి కూడా వినియోగదారే అవుతాడని ఆ సెక్షన్ చెబుతుంది. మిక్సీ బిల్లు భర్త పేరున గాని, బెంగళూరులో పనిచేస్తున్న కొడుకు పేరున గాని ఉన్నంత మాత్రాన, దానిని రోజూ వాడే గృహిణికి ఫిర్యాదు చేసే హక్కు లేకుండా పోదు. పెళ్లిలో మేనమామ కొనిచ్చిన మిక్సీ విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఈ ఒక్క వాక్యం తెలియకపోవడం వల్ల, యంత్రం ముందు రోజూ నిలబడే స్త్రీ తన నష్టాన్ని తానే చెప్పుకోలేని స్థితిలో మిగిలిపోవడం బాధాకరం. అయితే ఎవరో ఒకరు ప్రతిఫలం, అంటే ధర, చెల్లించి ఉండాలన్నది నియమం కాబట్టి, 2011లో తమిళనాడు ప్రభుత్వం ఇంటింటికీ పంచినటువంటి ఉచిత మిక్సీని పొందినవారు ఈ నిర్వచనం కిందికి రావడం కష్టం.

పొడులు, పచ్చళ్లు చేసి అమ్ముకునే స్వయం సహాయక సంఘాల మహిళల పరిస్థితి దీనికి భిన్నమైనది. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్న వస్తువుకు ఈ చట్టం రక్షణ ఇవ్వదు. కాని స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి పొందడానికి మాత్రమే కొని, తానే వాడుకునే వస్తువును వాణిజ్య ప్రయోజనంగా పరిగణించరాదని అదే సెక్షన్‌కు వివరణ ఉంది. పాత చట్టంలోని ఇటువంటి వివరణను లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు పరిశీలించి, తానే నడుపుకొని బతకడానికి ఆటోరిక్షా కొన్న వ్యక్తి వినియోగదారే అవుతాడని స్పష్టం చేసింది. ఇంట్లో తన చేతులతో కారప్పొడి కొట్టి అమ్ముకునే మహిళకు ఈ తీర్పు అండగా నిలుస్తుంది; పనివారిని పెట్టి పెద్ద ఎత్తున వ్యాపారం నడిపేవారికి అలా నిలవదు. వారంటీ కార్డుపై గృహావసరాలకు మాత్రమే అనే షరతు ఉంటే అది వేరే చిక్కు. ఫిర్యాదు చేసే అర్హత దానితో పోకపోయినా, ఇంటి వాడుకకు తయారైన యంత్రంతో రోజంతా పొడులు కొట్టారని తయారీదారు వాదించడానికి అది ఆధారమవుతుంది.

చట్టం దృష్టిలో లోపం అంటే, వస్తువు నాణ్యతలోగాని, పరిమాణంలోగాని, సామర్థ్యంలోగాని, ప్రమాణంలోగాని చట్టప్రకారమో ఒప్పందం ప్రకారమో వ్యాపారి ఇచ్చిన మాట ప్రకారమో ఉండవలసిన దానికంటే తక్కువగా ఉండటం. ఇది మిక్సీకి ఎలా వర్తిస్తుందో గ్రహించడానికి దాని చరిత్ర కొంత ఉపకరిస్తుంది. 1960వ దశకంలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజినీరు ముంబయిలో సుమీత్ మిక్సీని రూపొందించడానికి కారణం, యూరపు వంటలకు తగినట్లు తయారైన బ్లెండరు మోటారు మన వంటింటి రుబ్బుడును తట్టుకోలేకపోవడమే. ఊరుబిండి, ఉగ్గానిలోకి పుట్నాల పొడి, పండగనాటి ఓళిగల పూర్ణం వంటివి గట్టిగానో పొడిగానో ఉండే పదార్థాలు కాబట్టి, వీటిని రుబ్బగలదని చెప్పి అమ్మిన యంత్రం మామూలు వాడుకలోనే కొద్ది నెలలకు కాలిపోతే అది లోపమేనని వాదించవచ్చు. వస్తు విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ కూడా ఇక్కడ తోడ్పడుతుంది: ఒక నిర్ణీత అవసరానికి వస్తువు తగినదై ఉండాలనే షరతు, బ్రాండు పేరు చెప్పి కొన్న వస్తువుకు వర్తించకపోయినా, అమ్మకానికి తగిన నాణ్యత ఉండాలనే షరతు మాత్రం మిగిలే ఉంటుంది.

ఇటువంటి వివాదాలు ఎక్కువగా గెలిచేదీ ఓడేదీ మిక్సీ అడుగున అతికించిన చిన్న పలక దగ్గర. గృహావసరాల మిక్సీలకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ప్రమాణం ఐ.ఎస్. 4250, ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న యంత్రంపై ఆ గుర్తుతో పాటు సి.ఎం./ఎల్. అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటుంది, దాని నిజానిజాలను బి.ఐ.ఎస్. కేర్ అనే ఫోన్ యాప్‌లో చూసుకోవచ్చు. చాలా మిక్సీల పలకపై 30 నిమిషాల రేటింగ్ అని, 5 నిమిషాలు ఆన్, 2 నిమిషాలు ఆఫ్ అని రాసి ఉంటుంది. మోటారు నిరంతరాయంగా తిరగడానికి తయారు కాలేదని, ఐదు నిమిషాలు తిరిగాక రెండు నిమిషాలు చల్లారాలని, ఆ వరుసలో మొత్తం అరగంటకు మించి నడపరాదని దాని అర్థం. పెళ్లివారి ఇంట్లో గంటసేపు ఆపకుండా రుబ్బిన తరువాత మోటారు కాలితే, దుర్వినియోగం జరిగిందనే వాదన తయారీదారుకు సులువుగా దొరుకుతుంది. అలాగే వారంటీ గడువు ఉండగానే వీధి చివరి మెకానిక్‌తో కాయిల్ చుట్టించినా, కార్బన్ బ్రష్‌లు మార్పించినా, ఆ యంత్రంలో మొదట ఉన్న లోపాన్ని రుజువు చేయడం దాదాపు అసాధ్యమవుతుంది. మెకానిక్ పనితనాన్ని తప్పుపట్టడం దీని ఉద్దేశం కాదు. సాక్ష్యం చెరిగిపోతుందన్నదే ఇక్కడి సమస్య.

యంత్రం చెడిపోవడం వేరు, యంత్రం వల్ల మనిషికి హాని కలగడం వేరు. మూత సరిగా బిగియకముందే బ్లేడు తిరిగి వేళ్లు తెగినా, జార్ పగిలి ముక్కలు కంటికి తగిలినా, విద్యుదాఘాతం కలిగినా చట్టంలోని ఆరవ అధ్యాయం కింద ఉత్పత్తి బాధ్యత అనే ప్రత్యేక సూత్రం వర్తిస్తుంది. తయారీలోనో రూపకల్పనలోనో లోపం ఉన్నా, సరైన వాడుకకు తగిన సూచనలు, హెచ్చరికలు లేకపోయినా తయారీదారు పరిహారం చెల్లించాలని 84వ సెక్షన్ చెబుతుంది. ఆ సూచనలు తెలుగులో ఉండాలని సెక్షన్ నేరుగా చెప్పదు. అయినా తెలుగు మాత్రమే చదవగల ప్రాంతంలో అమ్మిన వస్తువుకు ఆంగ్ల పుస్తకం ఒక్కటే తగిన సూచన అవుతుందా అని వినియోగదారుల కమిషన్ ముందు వాదించడానికి అందులో చోటు ఉంది, వాదించవలసిన అవసరమూ ఉంది. ఇక 87వ సెక్షన్ ప్రకారం, హాని జరిగే సమయానికి వస్తువును దుర్వినియోగం చేసి ఉన్నా, మార్చి ఉన్నా అమ్మకందారుపై దావా నిలవదు. తిరుగుతున్న బ్లేడులో వేలు పెట్టరాదన్నంతటి తేటతెల్లమైన ప్రమాదాన్ని గురించి హెచ్చరించనందుకు తయారీదారునూ తప్పుపట్టలేరు.

అన్ని సందర్భాల్లోనూ తప్పు తయారీదారుది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్ తీగ తెగితే, 230 వోల్టులు రావలసిన ఇంటికి 400 వోల్టులకు దగ్గరగా విద్యుత్తు ప్రవహించి, వీధిలోని మిక్సీలు, టీవీలు, ఫ్యాన్లు ఒకేసారి కాలిపోతాయి. లో టెన్షన్ వినియోగదారులకు వోల్టేజీ 6 శాతం కంటే ఎక్కువ తేడా లేకుండా, అంటే సుమారు 216 నుంచి 244 వోల్టుల మధ్య ఉండాలన్నది సరఫరాకు నిర్దేశించిన ప్రమాణం. బోరు మోటార్లన్నీ ఒకే వేళలో నడిచే పల్లెల్లో వోల్టేజీ అంతకంటే పడిపోవడమూ ఉంది. అప్పుడు మిక్సీ గుర్రుమంటూ నిలిచి వేడెక్కుతుంది, దానిని వెంటనే ఆపివేయాలి. అనంతపురానికి విద్యుత్తు అందించే సంస్థ తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ. ఇటువంటి ఘటన జరిగిన వెంటనే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు సంఖ్య రాసుకోవడం, అదే సమయంలో ఇరుగుపొరుగు ఇళ్లలో కాలిన వస్తువుల ఫొటోలు తీయడం, లైన్‌మన్ వచ్చి మరమ్మతు చేసిన తేదీ, వేళ నమోదు చేసుకోవడం తరువాతి కాలంలో అన్నిటికంటే బలమైన ఆధారాలు అవుతాయి. విద్యుత్ చట్టం, 2003లోని 42వ సెక్షన్ కింద పంపిణీ సంస్థ ఏర్పాటుచేసిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు, అక్కడ తృప్తి కలగకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సరఫరాలో సేవాలోపంపై వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవచ్చని 2013లో అనీస్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీటరు తరువాతి ఇంటి వైరింగు బాధ్యత మాత్రం ఇంటి యజమానిదే. ఎండిన నేల విద్యుత్తును సరిగా తీసుకోదు కాబట్టి, ఎర్తింగు గుంతకు నీరు పోస్తూ ఉండటం ఈ పీఠభూమిలో ఇతర ప్రాంతాలకంటే ముఖ్యం.

బిల్లు ఇవ్వకపోవడాన్ని 2(47) సెక్షన్ అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేదీ చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అదే కోవలోకి వస్తుంది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అనే ముద్ర లోపమున్న వస్తువు విషయంలో అమ్మకందారును కాపాడదు. ఆన్‌లైన్‌లో కొన్నట్లయితే, 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించవలసిన ఫిర్యాదుల అధికారి ఆ సంస్థలో ఉండాలి. మొదట లిఖితపూర్వకంగా సంస్థను అడిగి, ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, అప్పటికీ తెగకపోతే జిల్లా కమిషన్‌కు వెళ్లడం అనువైన వరుస.

జిల్లా కమిషన్‌లో 50 లక్షల రూపాయల వరకు చెల్లించిన వస్తువులపై ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపు వాటికి రుసుము లేదు. దుకాణం బెంగళూరులో ఉన్నా, కంపెనీ ఢిల్లీలో ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చన్నది 2019 చట్టం తెచ్చిన గొప్ప మార్పు. వివాదకారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. పరీక్ష లేనిదే లోపం తేలదనుకుంటే కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపవచ్చు, దానికయ్యే రుసుమును ఫిర్యాదుదారును ముందుగా కట్టమనవచ్చు. కాలిన మిక్సీని పాత సామాన్ల వాడికి అమ్మివేయకుండా దాచి ఉంచవలసింది అందుకే.

న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు. కావాలనుకున్నవారికి న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ఉచిత సహాయం ఇస్తుంది. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ హక్కు ఉంది. భూకంపం, వరదలతో పాటు కరవు బారినపడి, తమ తప్పేమీ లేకుండానే లేమికి గురైనవారు కూడా అర్హులని ఆ సెక్షన్ పేరుపెట్టి చెప్పిన సంగతి ఈ జిల్లాలో ప్రతి ఇంటికీ తెలియవలసినది. గ్రామం ఉన్న మండలాన్ని ప్రభుత్వం కరవు మండలంగా ప్రకటించిన ఉత్తర్వు ఉంటే, దాని ప్రతిని దరఖాస్తుకు జతచేయడం మంచిది. దరఖాస్తును జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వాలి. ఫోన్‌లో సలహా కోసం 15100 సంఖ్య ఉంది.

కమిషన్ ఉత్తర్వుపై 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేయవచ్చు, అయితే డబ్బు చెల్లించవలసిన పక్షం అందులో సగం ముందుగా జమచేయాలి. అప్పీలూ లేక, ఉత్తర్వునూ పాటించకపోతే, 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్షగాని, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానాగాని, ఆ రెండూగాని విధించవచ్చు. దానికోసం గెలిచిన వ్యక్తి, ఉత్తర్వు ఇచ్చిన కమిషన్‌లోనే, ఉత్తర్వు ప్రతిని జతచేసి మరో దరఖాస్తు వేయాలి.