ఆవు ఎదకొచ్చిందా? ఆంబోతును చూసి దాటించండి

అమెరికాలో బ్రాహ్మణ్ అనే పశుజాతి ఉంది. ఎండకు, పిడుదులకు తట్టుకుంటదని దక్షిణాది రాష్ట్రాల రైతులు పెంచుతారు. ప్రదర్శనల్లో పిల్లలే తాడు పట్టుకుని నడిపిస్తారు. దాని పుట్టుకలో మన ఒంగోలుతో పాటు గిర్, కాంక్రేజ్ ఉన్నాయి. 1924లో సంఘం పెట్టి, ఏ దూడ ఏ తల్లిదో పుస్తకంలో రాసుకుంటూ వచ్చారు. మన నస్పూర్ దిక్కు మంచి కోడె పుడితే ఎవరన్నా రాస్తున్నారా? అంగట్ల అమ్మేసి మరిచిపోతున్నాం. ఒక నోటుబుక్కు పెట్టుకోండి, చాలు.

ఆవు అరుస్తుంటే, గాజులాంటి జిగురు తీగ వేస్తే, మీదికెక్కినా కదలకుండా నిలబడితే ఎదకొచ్చినట్టు. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున సూది వేయించండి. సుమారు 21 రోజులకు మళ్ళీ అరిస్తే చూలు నిలవలేదన్నమాట.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన పొట్టి ఆవులకు, అందులో తొలిచూలు పెయ్యలకు, పెద్ద ఒంగోలు గిత్తతో దాటించకండి. ఈనేటప్పుడు దూడ ఇరుక్కుంటే రెండు ప్రాణాలూ పోతాయి. చిన్నసైజు ఆంబోతునే చూడండి. ఊరి ఆంబోతునైనా మూడేళ్ళకోసారి మార్చాలి, లేకుంటే తన కూతుళ్ళనే దాటుతుంది.

దూడ పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగించండి. మాయ పడేదాకా ఆగాలని ముసలోళ్ళు చెప్తారు, వినకండి.