మూల ఇరుకైతేనేం చెల్లీ!

నీ బెంగంతా పడగ్గదిలో పిల్లర్ పక్కన మిగిలిన ఆ మూల గురించే కదా! వెడల్పు మూడడుగులు ఉందిగానీ, లోతు 16 అంగుళాలే. షాపులో ఏ వార్డ్‌రోబ్ చూసినా 22, 24 అంగుళాలు. పెడితే ముందుకు పొడుచుకొచ్చి గది తలుపుకి అడ్డం.

అసలు ఆ 24 ఎవరి లెక్కనుకున్నావు? హ్యాంగర్‌ది! హ్యాంగర్ 17, 18 అంగుళాలుంటుంది. దానికి అటూ ఇటూ కాస్త ఖాళీ, తలుపు, వెనక చెక్క కలిపితే అంతవుతుంది. మరి మన బట్టల్లో హ్యాంగర్‌కెక్కేవి ఎన్ని చెప్పు? పట్టుచీరలు ఎటూ మడిచే పెడతావు. దుప్పట్లు, జాకెట్లు, పిల్లల బట్టలూ అంతే. వాటికి 14 అంగుళాల అర చాలమ్మా. నీకు చిక్కుగా కనిపిస్తున్న మూల చీరల అల్మారాకి అచ్చంగా సరిపోతుంది. మరిదిగారి చొక్కాలంటావా? ముందుకి లాగే రాడ్ ఒకటి పెట్టించు. హ్యాంగర్లు మనకి ఎదురుగా తిరిగి, ఒకదాని వెనక ఒకటి వేలాడతాయి.

కొలిచేటప్పుడు మాత్రం తొందరపడకు. వెడల్పు కింద, మధ్యలో, పైన మూడుచోట్లా కొలువు. గోడలు నిటారుగా ఉండవు, అందులో తక్కువొచ్చిందే నీ లెక్క. నేల దగ్గర స్కర్టింగ్ ఎంత ముందుకొచ్చిందో, స్విచ్‌బోర్డు ఎక్కడుందో రాసుకో. తలుపులు తెరిస్తే మంచానికి తగులుతాయేమో చూడు. స్లైడింగ్ తలుపులు వద్దు, ఉన్న లోతులోనే మరో మూడు అంగుళాలు మింగేస్తాయి. సన్నటి రెక్కలు రెండు పెట్టించుకో.

గోడకి అవతల బాత్రూమ్ ఉందన్నావుగా? చెమ్మ తప్పదు. ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే తెమ్మని కార్పెంటర్‌కి చెప్పు. వెనక గోడకి ఆనించకుండా అంగుళం వదలమను.

అద్దె ఇల్లు కదా, గోడలో కలిపేసి కట్టించకు. విడిగా నిలబడేలా చేయిస్తే ఇల్లు మారినా వెంటొస్తుంది. కాకపోతే లోతు తక్కువ, ఎత్తు ఎక్కువ. పిల్లాడు అరలు పట్టుకుని ఎక్కాడంటే ముందుకి పడుతుంది. ఓనర్‌ని అడిగి, పైన రెండు క్లాంపులతో గోడకి బిగించి తీరాలి. బరువైనవన్నీ కింది అరల్లో సర్దు.

ఇక మీ అత్తయ్యగారు బీరువా నైరుతిలోనే ఉండాలి, తలుపు ఉత్తరానికి తెరుచుకోవాలి అంటున్నారా? డబ్బు, నగలు ఉన్న ఇనప బీరువాని ఆవిడ చెప్పినచోటే పెట్టెయ్. చీరల అల్మారాకి ఆ పట్టింపు లేదని నెమ్మదిగా నచ్చజెప్పు. ముందు మాత్రం, టేపు గోడ మీద పెట్టకముందే బట్టలన్నీ మంచం మీద పోసి, మడిచేవి ఇటు, తగిలించేవి అటు వెయ్. ఎన్ని అరలు కావాలో ఆ కుప్పలే చెబుతాయి.