మూసుకోని సెషన్‌ను పవర్ బటన్‌తో ఆపకు



నీ మెసేజ్ చదివిన. మీ మంచిర్యాల కాలేజీ ల్యాబులో పొద్దటి బ్యాచ్ పిల్లలు లాగాఫ్ కొట్టి లేచిపోయినా, కొన్ని సిస్టమ్‌లు ‘సైనింగ్ అవుట్’ అని తిరుగుతనే ఉంటున్నయని, మధ్యాహ్నం బ్యాచ్ గుమ్మంలో నిలబడేసరికి పవర్ బటన్ ఒత్తిపట్టి ఆపుతున్ననని రాసినవు. ఆ పని ఇయ్యాలటి నుంచే మానుకో. ఆ సెషన్‌ను ఎవరు పట్టుకున్నరో తెలుసుకోకుండ దాని మీద చెయ్యి పెట్టొద్దు.

బొగ్గుబాయి ల్యాంప్‌రూమ్ సంగతి నీకు ఎరుకే. దిగేటప్పుడు లైట్ తీసుకుంటరు, పైకొచ్చినంక అప్పజెప్తరు. ర్యాక్‌లో ఒక్క లైట్ తక్కువ ఉన్నా లోపల ఇంకా మనిషి ఉన్నడని లెక్క. అప్పుడు ఆ మనిషి ఎవరు, ఎక్కడున్నడని వెతుకుతరు గాని, గేటుకు తాళమేసి ఇంటికి పోరు.

సిస్టమ్‌లల్ల గూడ అదే లెక్క. పిల్లగాడు లాగిన్ అయితే వాని సెట్టింగులున్న ఎన్‌టీయూజర్.డ్యాట్ ఫైలు రిజిస్ట్రీలోకి ఎక్కుతది. లాగాఫ్ కొట్టినప్పుడు అది దిగిపోవాలె. యాంటీవైరసో, ప్రింటర్ సర్వీసో అందులోని ఒక కీ తెరిచి మూయకుండ కూసుంటే అది సాఫీగ దిగదు. విండోస్ 2000, ఎక్స్‌పీ కాలంలో ఈ బాధ పడలేకనే మైక్రోసాఫ్ట్ ‘యూజర్ ప్రొఫైల్ హైవ్ క్లీనప్ సర్వీస్’ అని విడిగ ఒక సాధనం ఇచ్చింది. విస్టా నుంచి ఆ పని విండోసే చేసుకుంటది. కాబట్టి ఎవరన్నా ఆ పాత సాధనం తెచ్చి ఇన్‌స్టాల్ చెయ్యమంటే వద్దను.

నువ్వు చూడాల్సింది ఈవెంట్ వ్యూయర్. అందులో అప్లికేషన్ లాగ్ తెరిచి, యూజర్ ప్రొఫైల్ సర్వీస్ పేరు మీద 1530 నంబర్ ఉందేమో వెతుకు. రిజిస్ట్రీ ఫైలును ఇంకా ఎవరో వాడుతున్నరని, ఇప్పుడు బలవంతంగ దించేస్తున్నమని అది చెప్తది. వివరాలు కిందికి జరిపి చదువు. ఎస్-1-5-21 అని మొదలయ్యే పొడుగు నంబర్ ఉంటది, అదే ఆ పిల్లగాని ఖాతా. దాని కింద ‘ప్రాసెస్’ అని, బ్రాకెట్‌లో ఫైలు పేరు. అక్కడ స్పూల్‌ఎస్‌వీ అని ఉంటే ప్రింటింగ్ సర్వీస్ పట్టుకున్నదని అర్థం, ముందు ప్రింటర్ డ్రైవర్‌ను అనుమానించు. యాంటీవైరస్ పేరుంటే దాన్ని అప్‌డేట్ చెయ్యి. ఒకటి రెండు 1530లు కనబడంగనే బెదిరిపోకు, బాగున్న సిస్టమ్‌లల్ల కూడా అవి వస్తయి. తిరుగుతున్న సిస్టమ్‌లన్నిట్ల అదే పేరు రోజూ వస్తేనే దాని వెంట పడు.

పక్కన 1511 గూడ కనబడితే మాత్రం తేలిగ్గ తీసుకోకు. ఆ పిల్లగాని ప్రొఫైల్ దొరకక విండోస్ తాత్కాలిక ప్రొఫైల్ ఇచ్చిందన్నట్టు. డెస్క్‌టాప్ ఖాళీగ కనబడతది, నిన్నటి ప్రాజెక్టు ఉండదు. వాళ్లు కొత్తదనుకొని మళ్లా మొదలుపెట్టి, గంటసేపు టైప్ చేసి, డెస్క్‌టాప్ మీదనే సేవ్ చేసుకుంటరు. లాగాఫ్ కొట్టంగనే ఆ ఫోల్డర్ మొత్తం విండోస్ తుడిచేస్తది. కోటపల్లి నుంచో వేమనపల్లి నుంచో బస్సెక్కి వచ్చే పిల్లకు ఇంట్లో కంప్యూటర్ ఉండదు బిడ్డా. ఆమె పని మొత్తం ఆ ఒక్క ఫైలే. అందుకే ఎవరన్నా ‘మేడమ్, నా ఫైళ్లు కనబడుతలేవు’ అనంగనే మొదటి మాట ‘లాగాఫ్ కొట్టకు’ అని చెప్పు. అప్పటిదాక చేసింది పెన్‌డ్రైవ్‌లకో డీ డ్రైవ్‌లకో కాపీ చేసి పెట్టు, తర్వాతనే మిగతాది. పాత ఫైళ్లు చాలాసార్లు సీ డ్రైవ్ యూజర్స్ ఫోల్డర్‌లో ఆమె పేరు మీద అట్లనే ఉంటయి, అడ్మిన్ ఖాతాతోటి తీసియ్యొచ్చు. రిజిస్ట్రీలో ప్రొఫైల్‌లిస్ట్ కింద ఆమె నంబర్ చివర డాట్ బాక్ అని ఉంటది. దాన్ని ముట్టేముందు ఆ కీని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకో.

నువ్వు ఒత్తిపట్టే పవర్ బటన్ ఈ గతి పట్టించగలదు. రిజిస్ట్రీ ఇంకా డిస్క్ మీద రాస్తుండంగ కరెంటు పోతే ఎన్‌టీయూజర్.డ్యాట్ చెడొచ్చు. డిస్క్ లైట్ మెరుస్తుంటే ఆగు. మధ్యాహ్నం బ్యాచ్‌లో ఒకరిద్దరిని పక్క సిస్టమ్ మీద కూసోబెట్టు. హెచ్‌ఓడీ తొందర పెడితే, పిల్లల ఫైళ్లు పోతయని నిలబడి చెప్పు.

ఇంకొకటి. సాయంత్రం షట్‌డౌన్ చేస్తున్నం గద, పొద్దున్నకు అన్నీ కొత్తగ మొదలైతయి అనుకోకు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ ఉన్నది, షట్‌డౌన్ కొట్టినా సర్వీసులు, డ్రైవర్లు ఉన్న స్థితిలోనే డిస్క్ మీద దాచుకొని పొద్దున్న మళ్లా తెస్తది. ల్యాబ్ సిస్టమ్‌లల్ల దాన్ని ఆపెయ్యి, లేదా వారానికోసారన్న రీస్టార్ట్ కొట్టు. సర్వర్‌కు రిమోట్ డెస్క్‌టాప్‌తో పోయినప్పుడు గూడ పైన ఇంటూ కొట్టి బయటికి రాకు. అది డిస్‌కనెక్ట్ మాత్రమే, నీ సెషన్ లోపల నడుస్తనే ఉంటది. సైన్ అవుట్ కొట్టి రా.

1530లల్ల స్పూల్‌ఎస్‌వీ పేరే వస్తుంటే, ముందుగాల ఒక్క సిస్టమ్ మీద ప్రింటర్ డ్రైవర్ తీసి కొత్తది వేసి వారం రోజులు చూడు. అన్నీ ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో తెల్వదు. అప్పటికీ తిరుగుతుంటే 1530 కింద ఉన్న ఆ ప్రాసెస్ లైన్ ఫోటో తీసి పంపు, నేను చూస్త.

నీ పెద్దబాపు
గోదావరిఖని