జాడ తెలిసింది, వస్తువు దొరకలేదు



క్షేమంగా దిగిన విమానం మీద అంతుచిక్కని దెబ్బ కనిపించినప్పుడు, పక్షి తగిలిందనో బాంబు పేలిందనో అనుకునే ముందు దర్యాప్తు చేసేవారు చిరిగిన రేకు అంచులు ఎటు వంగాయో చూస్తారు. అంచులు బయటికి విచ్చుకుని ఉంటే బలం లోపలినుంచి తన్నుకొచ్చిందని తొలి అంచనాకు రావచ్చు గానీ, ఒకసారి చిరిగిన రేకును ఎదురుగాలి మరింత వంచగలదు కాబట్టి, ఆ ఒక్క గుర్తుతో ఏదీ తేల్చకూడదు.

ఉదాహరణకు, 2008 జూలై 25న హాంకాంగ్ నుంచి మెల్‌బోర్న్‌కు 369 మందితో వెళ్తున్న క్వాంటాస్ విమానయాన సంస్థ 30వ నంబరు విమానం, 29,000 అడుగుల ఎత్తున పెద్ద చప్పుడు వినిపించి లోపలి గాలి ఒత్తిడి పడిపోవడంతో, 10,000 అడుగులకు దిగి మనీలా చేరుకుంది. కుడి రెక్క మొదలుకు ముందు మనిషి దూరగలిగేంత రంధ్రం పడి ఉంది. దాని వెనుక, సరుకుల గదిలో వరుసగా అమర్చిన ప్రయాణికుల అత్యవసర ఆక్సిజన్ సిలిండర్లలో నాలుగోది కనిపించలేదు. సరిగ్గా దాని పైన క్యాబిన్ నేలకు చిల్లు పడింది. పక్కనున్న తలుపు పిడి తెరిచే వైపుకు తిరిగిపోయింది (తలుపు మాత్రం తెరుచుకోలేదు). పైకప్పు పలక పగిలింది. సిలిండరు వాల్వు క్యాబిన్‌లోనే దొరికింది. ఈ గుర్తులను కింది నుంచి పైకి వరుసగా చదివిన ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ, పగిలిన సిలిండరు రాకెట్‌లా నేలను చీల్చుకుని పైకి లేచి, తలుపు పిడినీ పైకప్పునూ తాకి, తిరిగి కిందపడి రంధ్రం గుండా బయటికి పోయిందని నిర్ధారించింది.

కాక్‌పిట్ మాటలను నమోదు చేసే రికార్డరు మాత్రం ఇక్కడ అక్కరకు రాలేదు; అది చివరి రెండు గంటలనే దాచుకుని పాతదాన్ని చెరిపేస్తుంది కాబట్టి, దిగాక కూడా నడుస్తూ పోవడం వల్ల ఆ చప్పుడు నాటి మాటలు చెరిగిపోయాయి. విమానం ఆగగానే ఆ రికార్డరుకు కరెంటు తీయించడం దర్యాప్తులో మొదటి పనుల్లో ఒకటి.

సిలిండరు సముద్రం పాలైంది. అదే బ్యాచ్‌లో తయారైనవాటిని పరీక్షించినా లోపం బయటపడలేదు గనుక, 2010 నాటి తుది నివేదిక సిలిండరు వెళ్లిన దారిని ధీమాగా వర్ణించి, అది ఎందుకు పగిలిందో తెలియలేదని రాసి ఊరుకుంది. పత్రికలవారికి ఇది రుచించకపోవచ్చు గానీ, ఆ నివేదికలో అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం అదే.